మిగిలిన అన్నం, గుప్పెడు గుడాలు – పది నిమిషాల్లో బలమైన భోజనం



"ఆరోగ్యమే మహాభాగ్యం" అని బడి గోడల మీద రాసి ఉండడం మనమందరం చూసినదే. అయితే ఆ భాగ్యం ఏ అంగట్లో దొరుకుతుందో, ఎంత ఖర్చవుతుందో ఆ గోడ చెప్పదు. ఆపిల్ పండ్లు, బాదం పప్పులు, పాలపొడి డబ్బాలు కొనగలిగిన వాళ్ళకే ఆరోగ్యం అని చాలాకాలం మేము కూడా అనుకున్నాం. ఎం.ఎస్సీ.లో ఆహార, పోషణ శాస్త్రం చదవడం మొదలుపెట్టాక ఆ అభిప్రాయం మారింది. మన హాస్టల్ వంటగదిలో ఉన్న బియ్యం, పెసలు, పల్లీలు, ఉల్లిగడ్డ, నిమ్మకాయతోనే మంచి ఆహారం తయారవుతుందని, దానికి కావలసింది డబ్బుకంటే ఎక్కువగా కొంచెం తెలివిడి అని అర్థమయింది. ఆ తెలివిడిని మీతో పంచుకోవడానికే ఈ వ్యాసం.

పట్నాల్లో ఇప్పుడు "గ్రెయిన్ సలాడ్" అని ఒక వంటకం అమ్ముతున్నారు. ఉడికించిన ధాన్యం, ఉడికించిన పప్పుగింజలు, పచ్చి కూరగాయ ముక్కలు, నిమ్మరసం కలిపి గిన్నెలో పెట్టి ఇస్తారు. మొదటిసారి దాని ధర విన్నప్పుడు మేము నవ్వుకున్నాం. ఎందుకంటే అది మన పాలమూరు ఇళ్ళలో చేసే జొన్న గుడాలకు, బెబ్బెర గుడాలకు దగ్గరి చుట్టమే. కోస్తా జిల్లాల వాళ్ళు వీటినే గుగ్గిళ్ళు అంటారు. పేరు మారింది, పళ్ళెం మారింది, ధర మారింది. అంతే.

ఎంగిలి వేరు, మిగులు వేరు

వంట సంగతి చెప్పే ముందు ఒక మాట చెప్పాలి. చెప్పకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది.

డిగ్రీ చదివే రోజుల్లో కాలేజీ హాస్టల్‌లో మా గదిలో నలుగురం ఉండేవాళ్ళం. నలుగురి ఇళ్ళలోనూ డిగ్రీ గడప తొక్కిన మొదటివాళ్ళం మేమే. సెలవుల్లో మన హాస్టల్‌కు వచ్చినప్పుడు ఒకరోజు, సాయంత్రం మిగిలిన పెసర గుడాలు రాత్రి అన్నంలో కలిపి, ఉల్లిగడ్డ, నిమ్మకాయ వేసి చిన్న పిల్లలకు పెట్టబోయాం. ఎనిమిదో తరగతి చదివే చెల్లెలు ఒకతె పళ్ళెం వెనక్కి లాక్కుంది.

"మిగిలింది మాకెందుకు పెడుతున్నవక్కా?" అని అడిగింది.

మాకు వెంటనే జవాబు దొరకలేదు. ఆ పిల్ల మాటలో తప్పు లేదు. మన అమ్మమ్మలు, నాయనమ్మలు చాలామంది ఇతరుల పొలాల్లో, వాకిళ్ళలో పని చేసినవాళ్ళు. పొద్దుపోయాక వెనక గుమ్మం దగ్గర నిలబడితే పైనుంచి గిన్నెలో వేసిన అన్నం ఇంటికి తెచ్చి పిల్లలకు పెట్టినవాళ్ళు. ఆ అన్నం ఎప్పుడు వండిందో, ఎవరు ముట్టుకున్నదో అడిగే హక్కు వాళ్ళకు లేదు. "మిగిలింది" అన్న మాట మన చెవికి ఇప్పటికీ ఆ గుమ్మం దగ్గరి నుంచే వినిపిస్తుంది. అందుకే మనలో చాలామందికి కాస్త చదువు, కాస్త సంపాదన రాగానే మొట్టమొదట వదిలిపెట్టేది సద్దినే.

ఆ రోజు వంట పెద్దమ్మ మా బదులు జవాబు చెప్పింది. "ఎంగిలి వేరు, మిగులు వేరు బిడ్డా. ఇది నీ బియ్యం, నీ కోసం నేను వండిన. నువ్వే వద్దంటే బకెట్ల పడేస్త" అంది. ఆ పిల్ల కొంచెంసేపు ఆలోచించి పళ్ళెం ముందుకు జరిపింది.

ఈ వ్యాసంలో మేము చెప్పే మిగులు అంటే ఇదే. పళ్ళెంలో తిని వదిలేసినది కాదు. ఒకరు జాలిపడి వేసినది కాదు. మన వాటా బియ్యంతో మన వంటగదిలో వండి, చెయ్యి పెట్టకుండా గరిటెతో తీసి, మూతపెట్టి ఉంచినది. దాన్ని ఎప్పుడు తినాలో, ఎప్పుడు పారేయాలో నిర్ణయించే హక్కు మనదే. ఆ నిర్ణయం సరిగ్గా తీసుకోవడానికి కొంత శాస్త్రం తెలియాలి.

అన్నం, గుడాలు ఎందుకు కలవాలి?

మన శరీరం కండరాలను, రక్తాన్ని, వెంట్రుకలను, గోళ్ళను మాంసకృత్తులతో తయారుచేసుకుంటుంది. మాంసకృత్తులు అమైనో ఆమ్లాలనే చిన్న చిన్న ముక్కలతో ఏర్పడతాయి. వీటిలో తొమ్మిదింటిని శరీరం సొంతంగా తయారుచేసుకోలేదు, తిండి నుంచే రావాలి.

బతుకమ్మను పేర్చడం మీరందరూ చూసే ఉంటారు. ఒక వరుస తంగేడు, ఒక వరుస గునుగు పేరుస్తూ పోతాం. గునుగు అయిపోతే తంగేడు పూలు గంపెడు మిగిలినా బతుకమ్మ ఎత్తు పెరగదు. మాంసకృత్తుల సంగతీ అంతే. బియ్యం, జొన్నలు, గోధుమలు వంటి ధాన్యాల్లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. పెసలు, బెబ్బర్లు, శనగల వంటి పప్పుగింజల్లో లైసిన్ బాగా ఉంటుంది కానీ మిథియోనిన్ తక్కువ. ఆ మిథియోనిన్ ధాన్యాల్లో ఉంది. రెండూ కలిస్తే ఒకదాని లోటును మరొకటి పూరిస్తుంది. రెండింటినీ ఒకే ముద్దలో తినాలన్న నియమం లేదు, ఒకే రోజులో తిన్నా చాలు. కానీ కలిపి తింటే మరిచిపోయే అవకాశం ఉండదు.

లెక్క కూడా చూద్దాం. వంద గ్రాముల పచ్చి గింజల్లో ఉండే మాంసకృత్తులు సుమారుగా ఇలా ఉంటాయి:

బియ్యం – 7 నుంచి 8 గ్రాములు
జొన్నలు – 10 గ్రాములు
శనగలు – 17 నుంచి 19 గ్రాములు
ఉలవలు – 22 గ్రాములు
పెసలు, బెబ్బర్లు – 23 నుంచి 24 గ్రాములు
పల్లీలు – 24 నుంచి 25 గ్రాములు

ఇలాంటి లెక్కలు మన దేశంలో కట్టిన సంస్థ మన హైదరాబాద్‌లోనే, తార్నాకలో ఉంది. దాని పేరు జాతీయ పోషకాహార సంస్థ. 1918లో తమిళనాడులోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుడు చిన్నగా మొదలుపెట్టిన పరిశోధనశాల 1958లో హైదరాబాద్‌కు వచ్చింది, 1969లో ఈ పేరు పెట్టుకుంది. మనం తినే గింజల్లో, ఆకుల్లో, కూరగాయల్లో ఏమేం ఉన్నాయో తెలిపే పట్టికలను ఆ సంస్థ పుస్తకాలుగా ప్రచురించింది. 2017లో కొత్త పట్టిక వచ్చింది. మేము క్లాసులో మొదటిసారి ఆ పుస్తకం తెరిచినప్పుడు ఆపిల్ కోసం వెతకలేదు. బెబ్బర్ల కోసం వెతికాం. వంద గ్రాముల్లో మాంసకృత్తుల అంకె చూసి, మా అమ్మ కూలికి పోయేటప్పుడు కొంగున కట్టుకున్న గుడాలు గుర్తొచ్చి కొంచెంసేపు పేజీ తిప్పలేకపోయాం.

ఒక మనిషికి రోజుకు ఎంత మాంసకృత్తులు కావాలి? 2020లో మన దేశానికి నిర్ణయించిన ప్రమాణం ప్రకారం పెద్దవాళ్ళకు కిలో బరువుకు 0.83 గ్రాములు. అంటే 48 కిలోల బరువున్న అమ్మాయికి దాదాపు 40 గ్రాములు. మేము కింద చెప్పే వంటకం ఒక వంతు తింటే సుమారు 14 గ్రాములు వస్తాయి. అంటే రోజుకు కావలసిన దానిలో మూడో వంతు. ఒక కోడిగుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములు అని గుర్తుపెట్టుకుంటే ఈ అంకె విలువ తెలుస్తుంది.

వేడి చేశాం కదా, మరెందుకు?

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన పాఠం. దీన్ని మేము పుస్తకంలో నేర్చుకోలేదు, ముందు దెబ్బతిని తర్వాత పుస్తకంలో చదివాం.

డిగ్రీ రెండో సంవత్సరం, ఏప్రిల్ నెల. తెల్లవారితే పరీక్ష. మా గదిలో ఒక స్నేహితురాలు రాత్రి చదువుకుంటూ తినొచ్చని మధ్యాహ్నం అన్నం స్టీలు డబ్బాలో పెట్టి, గట్టిగా మూత బిగించి, కిటికీ పక్కన ఉంచింది. రాత్రి తొమ్మిదింటికి దాన్ని బాగా వేడి చేసుకొని పచ్చడితో తిన్నది. వాసన రాలేదు, జిగురు లేదు. పదకొండు గంటలకు వాంతులు మొదలయ్యాయి. తెల్లవార్లూ మిగతా ముగ్గురం ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు చెంచాతో తాగిస్తూ కూర్చున్నాం. పొద్దున పరీక్ష హాలుకు వెళ్ళింది గానీ, గంట కూడా కూర్చోలేక లేచి వచ్చేసింది. ఆ ఒక్క పేపరు కోసం మళ్ళీ సప్లిమెంటరీ రాయవలసి వచ్చింది.

"వేడి చేశాం కదా, మరెందుకు ఇట్లయింది?" అని అప్పుడు ఒకరినొకరం అడుక్కున్నాం. ఆ ప్రశ్నకు సమాధానం ఎం.ఎస్సీ.లో దొరికింది.

మట్టిలో, బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి ఉంటుంది. దాని విత్తనాల్లాంటి బీజాలు అన్నం ఉడికినా చావవు. అన్నం వేడిగా ఉన్నంతసేపు అవి నిద్రపోతాయి. అన్నం గోరువెచ్చగా మారి గంటల తరబడి అలాగే ఉంటే అవి మొలకెత్తి, పెరిగి, ఒక విషపదార్థాన్ని వదులుతాయి. తర్వాత వేడి చేస్తే ఆ సూక్ష్మజీవి చస్తుంది కానీ అది వదిలిన విషం వేడికి పోదు. రంగు, వాసన, రుచి చూసి ఆ విషాన్ని కనిపెట్టలేం. గట్టిగా మూతపెట్టిన డబ్బాలో అన్నం చల్లారడానికి చాలాసేపు పడుతుంది కాబట్టి ప్రమాదం ఇంకా ఎక్కువ.

అందువల్ల ఈ నియమాలు నోటికి రావాలి:

1. వండిన అన్నం, గుడాలు బయట రెండు గంటలకు మించి ఉంచి తినకూడదు. ఎండాకాలంలో గది బాగా వేడెక్కినప్పుడు ఒక్క గంటే.
2. ఫ్రిజ్‌లో పెట్టాలనుకుంటే అన్నం కుప్పగా వదలకుండా వెడల్పాటి పళ్ళెంలో పలుచగా పరచి, ఆవిరి పోగానే డబ్బాలో పెట్టి గంటలోపు ఫ్రిజ్‌లోకి చేర్చాలి. మరుసటి రోజులోపు వాడేయాలి.
3. వేడి చేస్తే పొగలు వచ్చేదాకా, అదీ ఒక్కసారే వేడి చేయాలి.
4. రైస్ కుక్కర్‌లో వెచ్చగా ఉంచే మీట వేసి ఉన్నంతసేపు అన్నం కొన్ని గంటలు బాగానే ఉంటుంది. మధ్యలో చాలాసేపు కరెంటు పోతే ఆ లెక్క చెల్లదు.
5. ఎప్పుడు వండిందో తెలియని అన్నం, అనుమానం వచ్చిన అన్నం పారేయాలి. అన్నం పరబ్రహ్మ స్వరూపమే, కానీ పాడైన అన్నం కాదు. పారేసినందుకు పాపం రాదు.

అమ్మకు గుడాలు కలపడం తెలుసు. అమ్మకు ఈ బీజాల సంగతి తెలియదు. ఆమెకు తెలిసిన దానికి మనం చదివినది కలపడమే మన పని.

ఎవరికి ఏ మిగులు?

హాస్టల్‌లో ఉండే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు: మనకు ఫ్రిజ్ ఉండదు. కాబట్టి పొద్దుటి అన్నం సాయంత్రానికి దాచే ఆలోచన వద్దు. సాయంత్రం అయిదింటికి పెట్టే గుడాలు మిగిలితే, ఏడు గంటల రాత్రి భోజనంలో వేడి అన్నంతో కలపాలి. రెండు గంటల నియమం అక్కడికి సరిపోతుంది. ఎండాకాలంలో అయితే ఆ గుడాలను పొయ్యి మీద వేడిగానే ఉంచమని పెద్దమ్మను అడగండి. మెస్ కమిటీ పిల్లలు వార్డెన్ గారి అనుమతి తీసుకొని వారానికి రెండు రోజులు చేసి చూడవచ్చు.

హైదరాబాద్‌లో గది అద్దెకు తీసుకొని గ్రూప్స్‌కో, డీఎస్సీకో చదువుకునే అన్నయ్యలకు, అక్కయ్యలకు: మీ పొద్దుటి తిండి టీ, రెండు బిస్కెట్లు అని మాకు తెలుసు. ఇంటి ఓనరు ఫ్రిజ్‌లోనో, పక్కగది ఫ్రిజ్‌లోనో ఒక డబ్బాకు చోటు అడగండి. రాత్రి అన్నం, ఉడికిన శనగలు పైన చెప్పినట్టు దాచుకుంటే పొద్దున పది నిమిషాల్లో కడుపు నింపుకొని లైబ్రరీకి వెళ్ళవచ్చు.

ఊళ్ళో ఉండేవాళ్ళకు: రాత్రి మిగిలిన జొన్నరొట్టెలో తడి తక్కువ, అందుకే అది అన్నమంత తొందరగా చెడిపోదు. శుభ్రమైన గుడ్డలో చుట్టి ఉంచిన రొట్టెను పొద్దున పెనం మీద కాల్చి, ముక్కలుగా తుంచి, అప్పుడే ఉడికించిన గుడాల్లో కలుపుకుంటే అన్నం అవసరమే లేదు.

కావలసిన పదార్థాలు (ఇద్దరికి)

అన్నం – రెండు కప్పులు
ఉడికిన పెసలు లేదా బెబ్బర్లు లేదా శనగలు – ఒక కప్పు
వేయించిన పల్లీలు – చిన్న గుప్పెడు
ఉల్లిగడ్డ – ఒకటి
టమాట – ఒకటి
కీర దోసకాయ – సగం
క్యారెట్ – చిన్నది ఒకటి
పచ్చిమిర్చి – ఒకటి
కొత్తిమీర – కొంచెం
నిమ్మకాయ – ఒకటి
నూనె – రెండు చెంచాలు
ఆవాలు, జీలకర్ర, కరివేపాకు, చిటికెడు పసుపు, తగినంత ఉప్పు

ఇందులో ఏదైనా దొరకకపోతే మానేయవచ్చు. అన్నం, గింజలు, నిమ్మకాయ ఈ మూడూ ఉంటే చాలు. నిమ్మకాయ మాత్రం మానకండి. కారణం తర్వాత చెబుతాం.

తయారుచేసే విధానం

గింజలు ముందు రోజు రాత్రి కడిగి నానబెట్టాలి. ఎనిమిది గంటలు నానితే చాలు. నానబెట్టిన గింజలు త్వరగా ఉడుకుతాయి, గ్యాస్ కూడా ఆదా అవుతుంది. కుక్కర్‌లో పెసలకు రెండు, బెబ్బర్లకు మూడు, శనగలకు అయిదారు కూతలు చాలు. గింజ వేళ్ళ మధ్య నలిగితే మెత్తబడాలి కానీ పేస్టులా కాకూడదు. త్వరగా ఉడకాలని వంట సోడా వేయకండి, బి విటమిన్లలో కొన్ని నశిస్తాయి. ఉడికించిన నీళ్ళు పారబోయకండి. చింతపండు, మిరియాలు వేసి కాచితే మంచి చారు అవుతుంది.

అన్నం ఫ్రిజ్‌లోనిదైతే చేతితో పొడిపొడిగా విడదీసి, రెండు చెంచాల నీళ్ళు చల్లి, మూతపెట్టి పొగలు వచ్చేదాకా వేడి చేయాలి. అప్పుడే వండిన అన్నమైతే పళ్ళెంలో పరచి కాసేపు ఆరనివ్వాలి.

చిన్న మూకుడులో నూనె వేడి చేసి ఆవాలు, జీలకర్ర, కరివేపాకు, పసుపు వేసి పోపు పెట్టాలి. పోపులోనే ఉడికిన గింజలు వేసి రెండు నిమిషాలు కలపాలి. స్టవ్ కట్టేయాలి. అన్నం, ఉప్పు కలపాలి. కూరగాయలను ఉప్పునీళ్ళలో బాగా కడిగి, మళ్ళీ తాగే నీళ్ళతో కడిగి, సన్నగా తరగాలి. క్యారెట్ తురమాలి. వీటిని అన్నంలో వేసి, పల్లీలు, కొత్తిమీర చల్లి, అన్నిటికంటే చివర నిమ్మరసం పిండాలి. కలిపిన వెంటనే తినాలి. కలిపినదాన్ని మళ్ళీ దాచకూడదు.

గింజలు ముందే ఉడికి ఉంటే మొత్తం పని పది నిమిషాలు. ఇద్దరికి ఒక్క మూకుడు, ఒక్క గిన్నె కడగాలి.

నిమ్మకాయ ఎందుకు, టీ ఎందుకు వద్దు?

పెసలలో, బెబ్బర్లలో ఇనుము ఉంటుంది. అయితే గింజల్లోని ఇనుము మన ఒంటికి అంత సులభంగా పట్టదు. నిమ్మకాయలోని సి విటమిన్ దాన్ని పేగులు పీల్చుకునే రూపంలోకి తెస్తుంది. సి విటమిన్ వేడికి నశిస్తుంది, అందుకే స్టవ్ కట్టేసిన తర్వాతే నిమ్మరసం పిండమన్నాం. టీలోని పదార్థాలు దీనికి వ్యతిరేకంగా పనిచేస్తాయి, ఇనుమును పట్టనివ్వవు. తిన్న గంట తర్వాత టీ తాగితే ఇబ్బంది తక్కువ.

ఇది చిన్న విషయం కాదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో రక్తహీనత ఉన్నవాళ్ళు తెలంగాణలో నూటికి 57.6, ఆంధ్రప్రదేశ్‌లో 58.8. అంటే ఇద్దరిలో ఒకరికంటే ఎక్కువ. ప్రార్థన వరుసలో కళ్ళు తిరిగి పడిపోయిన చెల్లెళ్ళను మనం చూశాం. "ఎండకు పడిపోయింది" అని నీళ్ళు చల్లి కూర్చోబెట్టాం. అన్నిసార్లూ ఎండ కాదు. చదివింది గుర్తుండకపోవడం, మెట్లెక్కితే ఆయాసం రావడం, ఎప్పుడూ నిద్ర రావడం – వీటిని బద్ధకం అని తిట్టించుకున్నవాళ్ళలో రక్తం తక్కువైనవాళ్ళు ఎంతమందో. ఈ వంటకం మందు కాదు. రక్తహీనత ఉన్నవాళ్ళు పరీక్ష చేయించుకొని డాక్టరు ఇచ్చిన ఐరన్ మాత్రలు తప్పక వేసుకోవాలి. ఆ మాత్రలకు తోడుగా తిండి కూడా మారితేనే ఫలితం నిలుస్తుంది.

క్యారెట్‌లో ఉండే పసుపు పదార్థం ఒంట్లో ఎ విటమిన్‌గా మారుతుంది. అది ఒంటికి పట్టాలంటే కొంచెం నూనె ఉండాలి. పోపుకు వేసిన రెండు చెంచాలు అందుకు సరిపోతాయి.

రోజుకొక మార్పు

అన్నం బదులు కొర్రన్నం, జొన్న గుడాలు వాడవచ్చు. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. మన తాతలు తిన్న గింజలకు ప్రపంచం అంత గౌరవం ఇచ్చినప్పుడు మనం చిన్నచూపు చూడనక్కరలేదు. మిగిలిన చపాతీ, అటుకులు, బొరుగులు కూడా పనికొస్తాయి. మామిడికాయల కాలంలో నిమ్మకాయ బదులు తురిమిన పచ్చి మామిడికాయ వేయండి.

మొలకలు వాడాలంటే నానిన పెసలను తడిగుడ్డలో ఒక పగలో రాత్రో మూటకట్టి ఉంచండి. మొలకెత్తినప్పుడు సి విటమిన్ పెరుగుతుంది. అయితే తడి, వెచ్చదనం పెసలకే కాదు, సూక్ష్మజీవులకూ ఇష్టమే. కాబట్టి మొలకలను పచ్చిగా కాక, అయిదు నిమిషాలు ఆవిరి మీద ఉడికించి తినడం మేలు. గింజలు కొత్తగా అలవాటు చేసుకునేవాళ్ళు మొదటి వారం అరకప్పుతో మొదలుపెడితే కడుపు ఉబ్బరం ఉండదు.

మీరే చేసి చూడండి

1. మీ హాస్టల్‌లో ఒక వారం పాటు రాత్రి భోజనం తర్వాత గిన్నెలో ఎంత అన్నం మిగులుతుందో, పళ్ళేల్లో ఎంత మిగులుతుందో వేరువేరుగా రాయండి. రెండో అంకె ఎలా తగ్గించవచ్చు?
2. ఉలవలతో ఈ వంటకం చేస్తే మాంసకృత్తులు ఎన్ని గ్రాములు వస్తాయో లెక్కకట్టండి. (ఒక కప్పు ఉడికిన గింజలకు సుమారు 65 గ్రాముల పచ్చి గింజలు పడతాయి.)
3. మీ ఇంట్లో అమ్మ, అవ్వ చేసే వంటల్లో ధాన్యం, పప్పుగింజలు కలిసేవి ఎన్ని ఉన్నాయో అడిగి రాసుకోండి. ఈ ప్రశ్నకు జవాబు ఏ పుస్తకంలోనూ పూర్తిగా దొరకదు.

చివరిగా ఒక మాట. ఆ రోజు పళ్ళెం వెనక్కి లాక్కున్న చెల్లెలు ఇప్పుడు ఇంటర్మీడియట్ బైపీసీ చదువుతోంది. పోయిన సెలవుల్లో కలిసినప్పుడు, "అక్కా, మా మెస్‌ల మధ్యాహ్నం అన్నం రాత్రికి పెట్టబోతే నేనే వద్దన్న. ఎన్ని గంటలయిందని అడిగిన" అని చెప్పింది. మేము ఆమెను మెచ్చుకున్నాం. మన అమ్మమ్మలు వెనక గుమ్మం దగ్గర అడగలేకపోయిన ప్రశ్న అదే. ఆ ప్రశ్న అడగగలిగిన రోజున మిగిలిన అన్నం తిన్నా మన గౌరవం తగ్గదు, పారేసినా తగ్గదు.

అందరూ బాగా తిని, బాగా చదవాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాం.

– పూర్వ విద్యార్థిని,
ఎం.ఎస్సీ. (ఆహార, పోషణ శాస్త్రం)